పదకొండు నిమిషాల ప్రార్థన

చిలకలపూడి,
9-11-2009

తమ్ముడు రాజబాబుకి,

అక్క సంతోషమ్మ ప్రభువు పేరట వందనాలు చెప్పి రాస్తున్నది. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. మీ బావగారికి ఎడమ చెవితోపాటు కుడి చెవి కూడా బొత్తిగా మందగించింది. మరదలికి నడుము నొప్పి తగ్గిందా?

ఫోను చేస్తే పోయేదానికి ఉత్తరం ఏమిటి అనుకుంటావు. ఫోను మీద నాకు నమ్మకం పోయిందిరా. ఈ ఇన్‌లాండ్ కవరుకి గమ్ము చాలదేమోనని రెండు అన్నం మెతుకులు కూడా నలిపి అంటించాను.

జరిగింది చెబుతాను. నేను తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి ప్రార్థన చేసుకుంటానని నీకు తెలుసు కదా. మీ బావగారికి వినపడదు, ఇంట్లో ఇంకెవరూ లేరు, అందుకని పైకే చేసుకుంటాను. పేరు పేరునా దేవుడికి చెప్పుకుంటాను. అమ్మ నేర్పింది అలాగే కదా, ‘అందరినీ చల్లగా చూడు అంటే ఆయన ఎవరినని చూస్తాడే, పేర్లు చెప్పు’ అనేది. వేసవి సెలవులకి మన శాంతి గుడివాడ హాస్టలు నుంచి వచ్చి, నాకు చెప్పకుండా నా ప్రార్థన ఫోనులో పట్టిందట. హాస్టల్లో బెంగగా ఉన్నప్పుడు అమ్మ గొంతు వినాలని వేరే కార్డులోకి ఎక్కించుకుపోయింది, అసలుది ఫోనులోనే మిగిలింది. పదకొండు నిమిషాలు. పోయిన క్రిస్మస్‌కి నువ్వు నాకిచ్చావే, ఆ ఫోనులోనే.

పోయిన నెల ఆ ఫోను మాటలు వినపడక బస్టాండు దగ్గర అప్పారావు షాపులో బాగుచేయమని ఇచ్చాను. అతను ఫోను బాగుచేశాడు. అందులో ఉన్నదంతా తన కంప్యూటర్లోకి ఎత్తుకున్నాడు. ఎందుకు బాబూ అంటే, ‘అందరి ఫోన్లకీ అంతే కదమ్మా’ అన్నాడు. అతని దగ్గర జనం మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించుకుంటారు. నా ప్రార్థన క్రైస్తవ గీతాల్లో చేరింది.

మొన్న ఆదివారం గుడిలో కానుకలు పట్టే వేళ ఎవరిదో ఫోను మోగింది. మోగింది పాట కాదు, నేను. ‘ప్రభువా, శోభనాద్రి గారు ఒక్క పూత వేసి రెండు పూతలని గుడివాడ షాపులవాళ్ళకి అమ్ముతున్నారు, ఆయన హృదయాన్ని ముట్టుకో’ అని. శోభనాద్రి గారి రోల్డుగోల్డు కార్ఖానా నుంచే నేను గాజులు తెచ్చుకుని ఇంట్లో రాళ్ళు అతుకుతానని నీకు తెలుసు. ఆ తర్వాత పాస్టరమ్మగారి గురించి ఉంది. ‘ఆమెకి స్వరమైనా ఇవ్వు, మాకు ఓర్పయినా ఇవ్వు’ అని. పాస్టరమ్మగారు అప్పుడే పాటకి లేచి నిలబడి ఉన్నారు.

నువ్వు పోలీసు స్టేషన్లో రైటరువి. ఏ చట్టం ఎక్కడుందో నీకు తెలుసు. నా ప్రార్థన నాకు తిరిగి రావాలంటే ఏం చెయ్యాలో రాయి.

నీ అక్క,
సంతోషమ్మ


పెదలంకపాలెం, దివిసీమ,
16-11-2009

అక్కకి,

నమస్కారములు. తమరి లేఖ ది. 12న అందినది. విషయం క్షుణ్ణంగా పరిశీలించడమైనది. (అలవాటు అక్కా, పెన్ను పట్టుకుంటే ఇలాగే వస్తుంది.)

నువ్వు మంచి సమయంలో అడిగావు. కంప్యూటర్ల నేరాల చట్టానికి కొత్త సవరణ పోయిన నెల 27 నుంచే అమల్లోకి వచ్చింది. నాకు ఒక పూట శిక్షణ కూడా ఇచ్చారు. కరెంటు లేక బోర్డు మీద కంప్యూటరు బొమ్మ గీసి, ఇది తెర, ఇది మౌస్ అని చూపించారు. చివర్లో జిరాక్సు కాగితాలు, ఉప్మా ఇచ్చారు.

ఆ కాగితాల ప్రకారం మనిషి ఏకాంతానికి భంగం కలిగిస్తే మూడేళ్ళ శిక్ష ఉంది. కాని ఏకాంతం అంటే ఏమిటో కూడా రాశారు. శరీరంలో దాచుకునే భాగాల బొమ్మ తీస్తేనే. గొంతు ఆ జాబితాలో లేదు. పైగా ఈ కేసులు ఇన్‌స్పెక్టరు స్థాయి అధికారి మాత్రమే దర్యాప్తు చెయ్యాలి. ఆయనకి బందోబస్తులే సరిపోతాయి.

కాబట్టి నా సలహా, వదిలెయ్యి. పది రోజులకి జనమే మర్చిపోతారు. ఒకవేళ వెళ్ళినా నా పేరు తేవద్దు. ఫోను నేనిచ్చానని చెప్పాల్సిన పనిలేదు.

ఈ ఫోన్ల పిచ్చి ఏమిటో గానీ, ఇక్కడ లీలావతి అని ఒకావిడ ఉంది. రేవు దగ్గర ఇడ్లీలు వేస్తుంది. నిరుడు అవనిగడ్డ బస్సులో ఫోను పోయిందని ప్రతి నెలా మొదటి తారీఖున స్టేషనుకొచ్చి బల్ల దగ్గర నిలబడుతుంది. ‘దొరికిందా అండీ’ అంటుంది. విచారణలో ఉందమ్మా అంటాను. దండం పెట్టి వెళ్ళిపోతుంది. పద్నాలుగు నెలలుగా ఇదే వరస.

మీ మరదలి నడుము అలాగే ఉంది.

ఇట్లు,
రాజబాబు


చిలకలపూడి,
23-11-2009

తమ్ముడికి,

నీ మాట వినలేదని కోపం తెచ్చుకోకు. వదిలేద్దామనే అనుకున్నాను. కాని బుధవారం శోభనాద్రి గారు మనిషిని పంపి అతకడానికిచ్చిన గాజులన్నీ వెనక్కి తెప్పించుకున్నారు. ‘అమ్మగారిని ఇక దేవుడి దగ్గరే పని చేసుకోమని చెప్పమన్నారు’ అన్నాడు వచ్చినతను. ఇరవై రెండేళ్ళుగా ఆయన రాళ్ళు అతుకుతున్నాను. అందుకని స్టేషనుకి వెళ్ళాను.

ఇన్‌స్పెక్టరు గారు మర్యాదస్తులు. కూర్చోమన్నారు. ఆయన దగ్గరా నీ దగ్గరున్నలాంటి జిరాక్సు కాగితాలే ఉన్నాయి, ఉప్మా మరక కూడా ఉంది. వేలు పెట్టి చదువుకుని, ‘అమ్మా, ప్రార్థన చేసుకునేటప్పుడు ఒంటి మీద బట్టలు సరిగా ఉన్నాయా?’ అని అడిగారు. నా వయసు యాభై. ముసుగు కూడా వేసుకున్నానండీ అన్నాను. ‘అయితే ఈ సెక్షను కింద కేసు లేదమ్మా’ అని నిజంగానే బాధపడ్డారు.

తర్వాత ఇంకో కాగితం తిప్పారు. ఒకరి యంత్రంలో ఉన్నది యజమాని అనుమతి లేకుండా ఎత్తుకుంటే అదీ నేరమేనట, దాని కింద చూద్దామన్నారు. ముందు ఆ గొంతు నాదే అని రుజువు కావాలి. అందుకని స్టేషను మైకులో పెట్టి వినిపించారు. పదకొండు నిమిషాలూ. నేనూ, ఇన్‌స్పెక్టరు గారూ, కానిస్టేబుళ్ళూ, సైకిలు దొంగతనంలో తెచ్చినతనూ అందరం విన్నాం. దొంగ ఆఖరున ఆమేన్ అన్నాడు. సాక్ష్యం భద్రపరచాలని నలుగురు కానిస్టేబుళ్ళు తమ ఫోన్లలోకి ఎక్కించుకున్నారు. నేను వెళ్ళేముందు దాన్ని విననివాళ్ళు మా ఊళ్ళో మీ బావగారొక్కరే అనుకున్నాను. స్టేషనులో కూడా అంతమంది మిగిలారని అప్పుడు తెలిసింది.

ఇప్పుడు వాళ్ళకి ఒక్కటే కావాలి. యజమాని నేనే అనడానికి ఫోను కొన్న బిల్లు. నీ దగ్గరుందని ఇచ్చిన రోజున నువ్వే అన్నావు. పంపించు.

అప్పారావుని కూడా పిలిపించారు. అతనికి సిగ్గు కూడా లేదు. ‘మీ కార్డులో తుడిచేసినవి కూడా పైకి లాగానమ్మా, నా పనితనం చూడండి’ అని నాకే చెప్పాడు. ట్రాక్టరు మీద దండ వేసుకుని కూర్చున్న మనిషి ఫొటోలట. అవి మావి కావు బాబూ, ఎవరివో కలిసిపోయుంటాయి అన్నాను.

నీ పేరు ఎక్కడా తేలేదు. ‘మా తమ్ముడు కొనిచ్చాడు’ అని మాత్రం అన్నాను, పేరు చెప్పలేదు.

అక్క


పెదలంకపాలెం,
28-11-2009

అక్కకి,

బిల్లు లేదు. చెదలు తినేశాయి. అల్మరా అంతా పాడైంది.

బిల్లు లేనందున, యజమాని రుజువు కానందున, సదరు ఫిర్యాదు నిలవదు. వెంటనే వాపసు తీసుకోవలసింది. అప్పారావు లాంటి చిన్న వ్యాపారిని కోర్టుల చుట్టూ తిప్పడం మనబోటి విశ్వాసులకి తగదు. క్షమించమని వాక్యం ఉంది కదా, నీకు నేను చెప్పాలా?

‘మా తమ్ముడు’ అన్నావు. నీకు ఎందరు తమ్ముళ్ళున్నారు అక్కా?

ఆ ప్రార్థనలో ఇంకా ఎవరెవరి పేర్లున్నాయి? ఊరికే అడుగుతున్నాను.

రాజబాబు


చిలకలపూడి,
4-12-2009

తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. క్షమించడం గురించి నువ్వు రాయడం నాకు సంతోషమే. సండే స్కూల్లో నీకు రాని వాక్యం అదొక్కటే.

ఇక్కడ వింత జరుగుతోంది. నా ప్రార్థన గుడివాడ దాకా వెళ్ళింది. అక్కడి షాపులవాళ్ళు విని, శోభనాద్రి గారి సరుకు గీకి చూసి సగం వెనక్కి పంపారట. ఆయన ఇప్పుడు నిజంగానే రెండు పూతలు వేస్తున్నారు. నిన్న స్వయంగా వచ్చి అరుగు మీద కూర్చుని, ‘చెల్లెమ్మా, గాజులు పంపుతాను, అతుకు. కానీ ఇక మీదట నా గురించి చెప్పుకునేది ఉంటే ముందు నాకు చెప్పు, తర్వాత పైకి పంపుదువు’ అన్నారు. పాస్టరమ్మగారు గొంతు నొప్పని మూడు ఆదివారాలుగా పాడటం లేదు. సంఘమంతా చాలా భక్తితో ఉంది.

దాంతో సంతోషమ్మ ఎవరి పేరైనా చెప్పి ప్రార్థిస్తే అది జరుగుతుందని పుకారు పుట్టించారు. పొద్దున్నే జనం కాగితాల మీద పేర్లు రాసుకుని వస్తున్నారు. అన్నీ పక్కింటివాళ్ళ పేర్లే. తన పేరు రాసుకుని వచ్చినవాళ్ళు ఇప్పటిదాకా ఒక్కరు లేరు. అప్పారావు షాపు ముందు ‘చిలకలపూడి అమ్మగారి ప్రార్థన ఎక్కించబడును’ అని బోర్డు కట్టాడు. అనుమతి లేదు కదా బాబూ అంటే, ‘కేసు తేలేదాకా తీయకూడదమ్మా, అది సాక్ష్యం’ అన్నాడు. అతనికీ ఎవరో జిరాక్సు ఇచ్చినట్టున్నారు.

నువ్వు అడిగావు, ఇంకెవరి పేర్లున్నాయని. ఉన్నాయి. నువ్వు విననక్కర్లేదు.

చెదలు అన్నావు. మీ ఇంట్లోది ఇనప అల్మరా కదూ?

అక్క


పెదలంకపాలెం,
9-12-2009

అక్కకి,

విన్నాను.

మా కానిస్టేబులు బంగార్రాజు గుడివాడ పెళ్ళికి వెళ్ళి తెచ్చాడు. కొత్త ప్రార్థన రైటరుగారూ, భలే ఉంది, మీరూ విశ్వాసులే కదా అని టీ తాగే వేళ బల్ల మీద పెట్టాడు. నీ గొంతని నాకు మొదటి ముక్కకే తెలిసింది. ఆపమని అందామంటే ఎందుకని అడుగుతారు. శోభనాద్రికి నవ్వారు. పాస్టరమ్మకి ఎస్సైగారు కుర్చీలోంచి జారారు. తొమ్మిదో నిమిషం వచ్చింది.

‘ప్రభువా, నా తమ్ముడు రాజబాబు స్టేషన్లో పనిచేస్తాడు. వాడు తెచ్చిన ఈ ఫోను ఎవరి కన్నీళ్ళదో నాకు తెలియదు, నీకు తెలుసు. ఎవరిదైతే వాళ్ళకి చేర్చు. వాడి చెయ్యి శుద్ధి చెయ్యి.’

టీ ఎవరూ తాగలేదు. బంగార్రాజు ఫోను తీసి జేబులో పెట్టుకున్నాడు. ఎస్సైగారు నా వైపు చూడకుండా, ‘రాజబాబులు చాలామంది ఉంటారులే’ అన్నారు. ఆయన దయ తలచి అన్న ఆ మాటే నన్ను చంపింది.

నీకు తెలిసినప్పుడు నన్ను పక్కకి పిలిచి ఒక్క మాట అడిగావా? ఏడాది పాటు ముఖం మీద నవ్వుతూ, వెనక రోజూ నా మీద పైకి ఫిర్యాదు పెడుతూ వచ్చావు. పైగా ఆ ఫోను నాదే అని స్టేషనుకెక్కి బిల్లు అడుగుతావా? నన్ను పట్టించడానికే కేసు పెట్టావా?

పదో నిమిషం కూడా విన్నానులే. ‘కాని శాంతి చదువు అయ్యేదాకా మా దగ్గర ఉండనివ్వు తండ్రీ, అమ్మాయితో మాట్లాడటానికి వేరే దారి లేదు.’ అందుకే అడుగుతున్నాను. చెయ్యి శుద్ధి కావలసింది ఎవరిది?

రాజబాబు


చిలకలపూడి,
13-12-2009

నాన్నా రాజబాబూ,

నువ్వు రాసిన ఆఖరి ముక్క నిజం.

పట్టించడానికి కాదురా. ఫోను కొత్తది కాదని ఇచ్చిన రోజునే తెలుసు. అట్ట పెట్టె లేదు, మూలన గీతలున్నాయి, బిల్లు ఉందని నేను అడక్కుండానే నువ్వు చెప్పావు. అడుగుదామనుకున్నాను. నువ్వు ఎంతో ప్రేమగా నా చేతిలో పెట్టావు. నిన్ను అడగలేక ఆయనకి చెప్పుకున్నాను. నీతో అనాల్సిన మాట ఆయనతో అనేసి, నా బరువు దిగిందనుకున్నాను. నేను చేసిన తప్పు అది. బిల్లు పంపమని రాసినప్పుడు కూడా, పంపితే బాగుండును, నా అనుమానమే తప్పయితే బాగుండును అని రాశాను.

అయినా ఒక మాట అంటాను. ఇది దేవుడికి చెప్పుకున్నది. అప్పారావు వినవలసింది కాదు, బంగార్రాజు వినవలసింది కాదు, నువ్వు కూడా వినవలసింది కాదు. ఒంటి మీద బట్ట తీస్తేనే సిగ్గు అని చట్టం రాసినవాళ్ళు ఎప్పుడూ మోకాళ్ళ మీద కూర్చోలేదేమో.

ఫోను రిజిస్టరు పార్శిలులో పంపుతున్నాను. మూడు గుడ్డలు చుట్టి కుట్టాను. శాంతితో మాట్లాడటానికి వీధి చివర రూపాయి బిళ్ళ వేసే డబ్బా ఫోను ఉంది. ఆదివారాలు వెళ్తాను.

అది ఎవరిదో నీకు తెలుసనుకుంటాను. వాళ్ళకి ఇచ్చెయ్యి.

అక్క


పెదలంకపాలెం,
19-12-2009

అక్కా,

పార్శిలు అందింది. నీ కుట్టు విప్పడానికి మీ మరదలికి అరగంట పట్టింది.

అది లీలావతిది. ప్రతి నెలా వస్తుందని రాశానే, ఆవిడ. ఆ మాట నీకు ఎందుకు రాశానో నాకే తెలియదు. నిరుడు బస్సు దొంగ దగ్గర మూడు ఫోన్లు దొరికాయి. రెండు రిజిస్టర్లో రాశాను. మూడోది రాయలేదు. అందరూ ఏదో ఒకటి ఉంచుకుంటారు, నేనొక్కటే కదా అనుకున్నాను.

మొదటి తారీఖు దాకా ఆగలేదు. ముందు ఎస్సైగారి ముందు కాగితం పెట్టాను, పద్నాలుగు నెలల కిందట దొరికిన ఫోను రాయలేదని నా చేత్తోనే రాసి. ఆయన చదివి, ‘ఇంత మంచి దస్తూరి పెట్టుకుని ఇది రాశావేమయ్యా’ అన్నారు. మెమో వచ్చింది. ఎంక్వయిరీ ఉంటుందన్నారు. తర్వాత ఎస్సైగారి అనుమతితో ఫోను పట్టుకుని రేవుకి వెళ్ళాను.

ఆవిడ చేతులు కడుక్కుని, కొంగుకి తుడుచుకుని తీసుకుంది. నన్ను తిట్టలేదు. తిరగేసి కూడా చూడలేదు. మీటలు నొక్కుతూ ఫోనులో ఏదో వెతుకుతోంది. చాలాసేపు వెతికింది. ‘ఇందులో మా ఆయన ఉండాలండీ’ అంది.

భర్త పోయిన ఏడాదే ఫోను పోయిందట. ఇంట్లో ఆయన ఫొటో ఒక్కటీ లేదు. రేషను కార్డు మీద ఉన్నది చెమ్మకి చెరిగిపోయింది. ఉన్నవన్నీ ఆ ఫోను మెమరీ కార్డులోనే. పద్నాలుగు నెలలు ఆవిడ ఫోను కోసం రాలేదక్కా. నేను ఫోను గురించే సమాధానం చెబుతూ వచ్చాను.

అవి నేనే తుడిచేశాను. నీకిచ్చే ముందు శుభ్రంగా ఇవ్వాలని.

ఇంటికొచ్చి జిరాక్సు కాగితాలు మళ్ళీ చదివాను. ఒకరి యంత్రంలో ఉన్నది ఎత్తుకోవడం ఎంత నేరమో, తుడిచెయ్యడమూ అంతే నేరం. పక్కపక్క లైన్లలోనే ఉన్నాయి. నీ కేసు కోసం చదివినప్పుడు పై లైను చదివి ఆపేశాను.

ట్రాక్టరు మీద దండ వేసుకున్న మనిషి అని రాశావు. అప్పారావు దగ్గర అవి ఇంకా ఉన్నాయా? పోలీసు ఉద్యోగం చేస్తూ, ఎత్తుకుపోయినవాణ్ణి బతిమాలుకోమని నిన్ను అడుగుతున్నాను. నవ్వితే నవ్వు.

రాజబాబు


చిలకలపూడి,
23-12-2009

తమ్ముడికి,

నవ్వలేదు. ఉత్తరం చదివి అట్నుంచి అటే బస్టాండుకి వెళ్ళాను.

ఉన్నాయి. పదిహేడు ఫొటోలు. ఒక దాంట్లో ఆయన తవుడు బస్తా మీద కూర్చుని ఇడ్లీ తింటున్నాడు, వెనక ఒకావిడ కొంగు మాత్రం కనపడుతోంది. అప్పారావు ఇచ్చేవాడే గానీ బేరం పెట్టాడు. ‘ముందు కేసు తీసెయ్యండమ్మా.’ సరే బాబూ అన్నాను.

ఇన్‌స్పెక్టరు గారి ప్రాణం కుదుటపడింది. నాకు టీ తెప్పించారు. ‘నా ఏకాంతానికి ఏ నష్టమూ జరగలేదు అని రాసి సంతకం పెట్టండమ్మా’ అన్నారు. అబద్ధం రాయలేనండీ అన్నాను. ‘నష్టం జరిగింది, అయినా వద్దనుకుంటున్నాను’ అని రాశాను. అలాంటి దానికి ఫారం లేదని కాసేపు బాధపడి, చివరికి కుట్టి ఫైల్లో పెట్టారు.

వచ్చేటప్పుడు అప్పారావుని అడిగాను, పోనీ నా ప్రార్థన అయినా తీసెయ్యవయ్యా అని. అతను మొదటిసారి సిగ్గుపడ్డాడు. ‘నా దాంట్లోంచి తీస్తానమ్మా, ఊళ్ళోంచి ఎలా తీయను’ అన్నాడు. బోర్డు మాత్రం దించాడు.

ఫొటోలు ఒక సీడీలోకి ఎక్కించుకున్నాను. పోస్టులో వెయ్యలేదు, ఇప్పుడు నాకు మెతుకుల మీద కూడా నమ్మకం లేదు. శాంతి సెలవులకి ఇంటికి వచ్చింది, తనే మీ ఇంటికి తెచ్చి ఇస్తుంది. పెద్దవిగా అచ్చు వేయించి నువ్వే తీసుకెళ్ళు. ఇచ్చి వెంటనే వచ్చెయ్యకు. ఆవిడ తిట్టడానికి కాస్త వ్యవధి ఇవ్వు.

ఎంక్వయిరీలో ఏమంటారో నాకు తెలియదు. ఉద్యోగం ఉంటే ఉంటుంది, లేకపోతే ఇక్కడికే వచ్చెయ్యి. మంచి దస్తూరి ఉన్నవాడివి, అప్పారావు బోర్డులైనా రాద్దువు.

నేను ఇప్పుడు పైకి ప్రార్థన చెయ్యడం మానేశాను. పెదవులు మూసుకుని చేసుకుంటున్నాను. మీ బావగారికి మొదటిరోజే అనుమానం వచ్చింది. ‘ఇవాళ లేవలేదేంటి’ అన్నారు. ఇరవై ఏళ్ళుగా ఏం వినపడుతోందో, ఏం వినపడటం లేదో ఆయనకే తెలియాలి.

అన్ని పేర్లూ లోపలే చెప్పుకుంటున్నాను, నీదీ నాదీ కూడా. లీలావతి పేరు మాత్రం పైకే అంటున్నాను. ఎవరైనా పట్టుకుపోతే పట్టుకుపోనీ అని.

క్రిస్మస్‌కి మరదల్ని తీసుకుని రా. ఏమీ తేవద్దు.

నీ అక్క,
సంతోషమ్మ